మంచి స్టేక్ దొరికే చోటు కోసం ఐదు వారాలు వెతికాను: నా అనుభవం

ఉద్యోగరీత్యా కొత్త ప్రాంతానికి మారి అయిదు నెలలు కావస్తుండగా మా అన్నయ్య ఫోన్ చేసి, వచ్చే నెలలో రెండు రోజులు నా దగ్గర ఉండి వెళతానని చెప్పాడు. ఏం తినాలని ఉందని అడిగితే, "ఇంకేమీ వద్దురా, ఒక మంచి స్టేక్ తినిపించు చాలు" అన్నాడు. నేను చదువుకునే రోజుల్లో, తన మొదటి జీతం అందిన వారంలోనే నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, స్టేక్, అంటే మందంగా కోసి కాల్చిన గొడ్డుమాంసపు ముక్క, ఎలా ఉంటుందో నాకు రుచి చూపించింది అన్నయ్యే. అందుకే ఆ మాటను తేలిగ్గా తీసుకోవడానికి నాకు మనసొప్పలేదు. చేతిలో అయిదు వారాల సమయం ఉంది. చుట్టుపక్కల స్టేక్ వడ్డించే రెస్టారెంట్లు పదకొండు ఉన్నాయని ఫోన్‌లో మ్యాప్ చూపించింది.

మొదట అందరూ చేసే పనే నేనూ చేశాను. రేటింగ్ అన్నిటికంటే ఎక్కువగా ఉన్న చోటుకు శనివారం రాత్రి వెళ్లి, మీడియం రేర్, అంటే పైన కాలి లోపల గులాబీ రంగు మిగిలేలా, కావాలని చెప్పి కూర్చున్నాను. పళ్లెం అలంకరణ చూడముచ్చటగా ఉంది గానీ, ముక్క వేలు మందం కూడా లేదు. పైన దోరగా కాలిన పొర లేదు సరికదా, ఆవిరికి ఉడికినదానిలా పాలిపోయి ఉంది. కత్తితో కోసి చూస్తే ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకటే బూడిద రంగు. ఆ మాటే వెయిటర్‌కు చెబితే, తమ దగ్గర మీడియం రేర్ ఇలాగే ఉంటుందని జవాబిచ్చాడు. ఇంటికి వచ్చాక ఆ చోటు గురించి జనం రాసిన రివ్యూలను మళ్లీ ఓపికగా చదివాను. నలభై చదివితే, మాంసం ఎలా ఉందో చెప్పినవి మూడే. మిగిలినవారందరూ మెచ్చుకున్నది దీపాలను, సంగీతాన్ని, పుట్టినరోజు నాడు సిబ్బంది చూపిన ఆదరణను. అవి రాసినవారి తప్పేమీ లేదు. వారు వెతుక్కున్నది వారికి దొరికింది. నాకు కావలసిన సంగతి ఆ అంకెలో లేదని మాత్రం అర్థమయింది.

అక్కడి నుంచి రివ్యూలను చదివే పద్ధతి మార్చుకున్నాను. నక్షత్రాలను వదిలేసి, తినేవారు తీసిన ఫొటోలలో ముక్కను కోసిన తరువాత తీసినవి ఉన్నాయేమో వెతకసాగాను. కోయని స్టేక్ ఫొటో పైపొర ఎలా కాలిందో చెబుతుందే తప్ప, లోపలి సంగతి చెప్పదు. కోసిన ముఖం కనిపిస్తే చాలు, వంటవాడి చేయి తెలిసిపోతుంది: అంచున సన్నని గోధుమ రంగు గీత, ఆ వెంటనే మధ్య దాకా ఒకే తీరున గులాబీ రంగు ఉన్నదంటే సెగ మీద అదుపు ఉన్నట్టు; అంచు నుంచి అర అంగుళం మేర బూడిద రంగు పట్టీ ఉండి, నడిమధ్యన మాత్రమే ఎరుపు మిగిలిందంటే ఆ అదుపు లేనట్టు.

తరువాత మెనూలు ముందు వేసుకున్నాను. ఒక రెస్టారెంటు తను వడ్డించే మాంసాన్ని ఏ పేరుతో పిలుస్తుందో చూస్తే చాలా సంగతులు బయటపడతాయి. "స్టేక్" అని ఒక్క మాట రాసి, దాని కింద ఆరు రకాల సాస్‌ల పేర్లు వేసినవారిని పక్కన పెట్టాను. రిబై, టెండర్‌లాయిన్, స్ట్రిప్ అని భాగం పేరు, వండక ముందు బరువు, ఎన్ని రోజులు మాగబెట్టారన్న వివరం రాసినవారిని ఉంచుకున్నాను. పదకొండులో అయిదు మిగిలాయి.

ఏ భాగం ఎలా ఉంటుందో నేను సరిగ్గా తెలుసుకున్నది కూడా ఈ దశలోనే. వెన్నెముక లోపలి వైపున ఉండే టెండర్‌లాయిన్ కండరానికి పశువు నడిచేటప్పుడు పెద్దగా పని ఉండదు కాబట్టి అది అన్నిటికంటే మెత్తగా ఉంటుంది; కొవ్వు తక్కువ కాబట్టి రుచి కాస్త పలచన. పక్కటెముకల దగ్గర నుంచి వచ్చే రిబైలో కండ మధ్య సన్నని తెల్లని కొవ్వు చారలు అల్లుకుని ఉంటాయి. సెగకు అవి కరిగి కండను తడుపుతాయి, రుచిలో చాలా భాగం వాటిదే. నడుము భాగపు స్ట్రిప్ ఈ రెంటికీ నడుమన ఉంటుంది. పొట్ట భాగపు ఫ్లాంక్‌కు రుచి ఉంది గానీ పీచు పొడవుగా ఉంటుంది కనుక, పీచుకు అడ్డంగా సన్నగా కోసి పెట్టకపోతే నమలలేము. టీ ఆకారపు ఎముకకు ఒక వైపు స్ట్రిప్, మరో వైపు టెండర్‌లాయిన్ ఉన్నదే టీబోన్; అందులోనే టెండర్‌లాయిన్ వైపు వెడల్పుగా ఉంటే పోర్టర్‌హౌస్ అంటారు. అన్నయ్యకు ఎముకతో ఉన్న ముక్క ఇష్టమని నాకు గుర్తుంది. అందువల్ల ఎముకతో కూడిన రిబై పెట్టే చోటే కావాలని అప్పుడే నిశ్చయించుకున్నాను.

మాగబెట్టడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మోసపోవడానికి వీలున్న చోటు ఇదే. మాంసాన్ని గడ్డకట్టని చలిలో, సున్నాకు రెండు మూడు డిగ్రీల పైన, గాలి ఆడేలా వారాల తరబడి ఉంచితే, అందులోని ఎంజైములు కండ పీచును నెమ్మదిగా సడలిస్తాయి; నీరు కొంత ఆవిరై రుచి చిక్కబడుతుంది; పైన కట్టిన గట్టి పెచ్చును చెక్కి పారేయాలి. దీన్ని డ్రై ఏజింగ్ అంటారు. నీరుగా పోయినదీ, పెచ్చుగా పోయినదీ నష్టమే కాబట్టి దాని ధర ఎక్కువగా ఉండడం సహజం. గాలి తీసిన ప్లాస్టిక్ సంచిలో సీలు వేసి ఉంచే పద్ధతి వెట్ ఏజింగ్. అందులోనూ మాంసం మెత్తబడుతుంది, తూకం తగ్గదు, కానీ వేయించిన గింజలను తలపించే ఆ ప్రత్యేకమైన వాసన రాదు. రెండూ మంచి పద్ధతులే. వెట్ ఏజింగ్ చేసి ఉత్త "ఏజ్డ్" అని రాసి, డ్రై ఏజింగ్ ధర తీసుకోవడమే మంచిది కాదు.

మిగిలిన అయిదు చోట్లకూ, రద్దీ లేని మధ్యాహ్నం మూడు గంటల వేళ ఫోన్ చేసి అవే మూడు ప్రశ్నలు అడిగాను: రిబై ఎంత మందం ఉంటుంది, ఏ పద్ధతిలో ఎన్ని రోజులు మాగబెడతారు, దేని మీద కాలుస్తారు. ఒకరు "మా దగ్గర అన్నీ బాగుంటాయండి" అని ఊరుకున్నారు. ఇంకొకరు కనుక్కుని చెబుతామన్నారు, చెప్పలేదు. మూడో చోట జవాబులు తడుముకోకుండా వచ్చాయి. నాలుగో చోట స్టేక్ వారాంతంలో మాత్రమే ఉంటుందన్నారు. అయిదో చోట ఫోన్ ఎత్తినావిడ ఒక్క క్షణం ఆగమని, వంటగదిలోని చెఫ్‌కే ఫోన్ ఇచ్చింది. ఆయన, "మేము డ్రై ఏజింగ్ చేయమండి, ఆ గది మాకు లేదు. సంచిలో ఇరవై ఎనిమిది రోజులు మాగినది తెప్పించుకుంటాము. మందం నాలుగు సెంటీమీటర్లు. ముందు ఇనప పెనం, తరువాత ఓవెన్" అన్నారు. తమ దగ్గర లేనిదాన్ని అడగకుండానే లేదని చెప్పడం నాకు బాగా నచ్చింది.

ఆ వారమే, నేను మాంసం కొనే కొట్టు యజమానిని కూడా అడిగాను. రెస్టారెంట్లకు సరుకు వేసేవాడికి ఎవరు ఎలాంటి మాంసం కొంటారో తెలుస్తుందన్నది నా ఆశ. ఎవరు ఏం కొంటారో చెప్పడం పద్ధతి కాదండీ అని ఆయన మృదువుగానే తిరస్కరించి, కాసేపాగి, "మా ఇంట్లోవాళ్లను తీసుకెళ్లేది మాత్రం ఇక్కడికి" అని ఒక పేరు చెప్పారు. చెఫ్ స్వయంగా మాట్లాడిన చోటే అది.

అయినా జవాబులు తడుముకోకుండా చెప్పిన మూడో చోటుకే ముందు వెళ్లాను, పోల్చుకోవడానికి ఒకటి ఉండాలని. ముక్క చాలా మెత్తగా ఉంది, నిజానికి ఉండవలసినదానికంటే మెత్తగా ఉంది. నాలుగు ముద్దలు తిన్నాక గమనించాను: పీచు ఎటు పోతున్నదో నాలుకకు తెలియడం లేదు. ముక్కను పక్కకు తిప్పి వెలుతురులో చూస్తే, పైనుంచి కిందికి వరుసగా సూది పోటు గీతలు కనిపించాయి. చవక కండను సూదుల యంత్రంతో పొడిచి మెత్తబరిచే పద్ధతి ఇది. ఇందులో రుచికి మించిన చిక్కు ఒకటి ఉంది. చెక్కుచెదరని ముక్కకు సూక్ష్మజీవులు పైభాగానే ఉంటాయి, పెనం వేడికి చస్తాయి. అందుకే లోపల ఎర్రగా ఉన్నా తినగలుగుతున్నాము. సూదులు వాటిని లోపలికి నెడతాయి, కాబట్టి అలాంటి మాంసాన్ని లోపలి దాకా బాగా కాల్చాలి. అమెరికాలో 2016 నుంచి ఇలా మెత్తబరిచిన పచ్చి గొడ్డుమాంసం ప్యాకెట్ మీద ఆ సంగతి రాసి తీరాలన్న నిబంధన ఉన్నది ఈ కారణం చేతనే. నాకు దాన్ని మీడియం రేర్‌గా పెట్టారు, ఒక్క మాట చెప్పలేదు. ఆ చోటును ఆ రాత్రే కొట్టివేశాను.

మరుసటి మంగళవారం సాయంత్రం, తలుపులు తెరిచిన అరగంటకు, చెఫ్ మాట్లాడిన చోటుకు ఒంటరిగా వెళ్లాను. వారం మధ్యన, జనం లేనప్పుడు వెళ్లడం కావాలని చేసిందే: నిలబెట్టి అడగడానికి, చూడడానికి అప్పుడే వీలుంటుంది. వంటగది కనిపించే బల్ల ఇచ్చారు. సాస్ వద్దని, ఉప్పు తప్ప ఏమీ వద్దని చెప్పాను. చెఫ్ ముక్కను బయటికి తీసి, గుడ్డతో నాలుగు వైపులా అద్ది తడి ఆరనిచ్చారు. ఆ చిన్న పని చూసి నా ప్రాణం కుదుటపడింది. పైన తడి ఉంటే పెనం వేడంతా ఆ నీటిని ఆవిరి చేయడానికే సరిపోతుంది. నీరు నూరు డిగ్రీలు దాటనివ్వదు, దోర రంగు రావడానికి అంతకంటే చాలా ఎక్కువ వేడి కావాలి. ఆ రంగునూ వాసననూ పుట్టించే రసాయన చర్యకు, దాన్ని 1912లో వివరించిన ఫ్రెంచి శాస్త్రవేత్త మయార్ పేరే పెట్టారు. మొదటి రెస్టారెంటులో నా ముక్క పాలిపోయి ఉండడానికి కారణం ఇదేనని అక్కడ కూర్చుని చూస్తుంటే తెలిసింది.

ముక్క పెనాన్ని తాకగానే లేచిన చప్పుడు నా బల్ల దాకా వినిపించింది, చివరి దాకా తగ్గలేదు. ఆయన దాన్ని పలుమార్లు తిప్పారు, కొవ్వు అంచును నిలబెట్టి కరిగించారు, ఓవెన్‌లో పెట్టి తీశాక థర్మామీటర్ ముల్లును పక్క నుంచి మధ్యలోకి గుచ్చి చూశారు. పైన బాగా కాలిస్తే లోపలి రసం సీలు పడినట్టు నిలుస్తుందని పందొమ్మిదో శతాబ్దంలో జర్మన్ రసాయన శాస్త్రవేత్త లీబిగ్ చెప్పినది ఇప్పటికీ చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. అందుకే ఈయన పెనం మీద భారం వేయకుండా ముల్లును నమ్ముకున్నారు. మీడియం రేర్‌కు మధ్యన 54 నుంచి 57 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. దించిన తరువాత కూడా వేడి లోపలికి పాకుతూ రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది కాబట్టి, ఆ మేరకు ముందే దించాలి. ఆయన దించి, జాలీ మీద పెట్టి, ఏడు నిమిషాలు ముట్టుకోలేదు. నేను గడియారం చూస్తూనే ఉన్నాను.

పళ్లెం తెచ్చిన అమ్మాయి, "ముందు మధ్యలో కోసి చూడండి, తేడా ఉంటే ఇప్పుడే చెప్పండి" అని పక్కనే నిలబడింది. కోశాను. అంచున గోరు మందం కూడా లేని గోధుమ గీత, ఆపైన ఎముక దాకా ఒకటే గులాబీ రంగు. పళ్లెంలోకి ఊరిన ఎర్రని రసం రెండు చెంచాలకు మించలేదు. అది రక్తమని కొందరు జంకుతారు గానీ, నీటిలో కలిసిన మయోగ్లోబిన్ అనే కండర ప్రొటీను రంగు అది. పీచు పంటి కింద తెలిసింది, తెలిసిన వెంటనే విడిపోయింది. రిబై పైభాగాన టోపీలా చుట్టుకుని ఉండే వదులు కండను చివరికి మిగుల్చుకున్నాను. ఆ ముక్కలో అన్నిటికంటే రుచికరమైన చోటు అదేనని నా అభిప్రాయం. వెళ్లేటప్పుడు వచ్చే నెల శుక్రవారానికి ఇద్దరికి బల్ల చెప్పి, ఎముకతో ఉన్న ఒకే పెద్ద రిబైని అట్టిపెట్టమని అడిగాను.

అన్నయ్య వచ్చాడు. ఆ శుక్రవారం చోటంతా నిండిపోయి ఉంది. మా ముక్క అడిగినదానికంటే ఎక్కువ కాలి వచ్చింది. నేను నోరు తెరవక ముందే, పక్కన నిలబడి కోయించిన ఆ అమ్మాయి, "ఇది మీరడిగినట్టు లేదండి" అని పళ్లెం తీసుకుంది. ఇరవై అయిదు నిమిషాలకు కొత్త ముక్కతో చెఫ్ తానే బయటికి వచ్చి, రద్దీలో ముల్లు చూడడం ఆలస్యమైందని చెప్పారు. అన్నయ్య మధ్యలో కోసి, కోసిన ముఖాన్ని నా వైపు తిప్పి చూపించాడు. ఎముక పక్కన ఉండే ముక్కను, ఆ మొదటిసారి తను నాకు పెట్టినట్టే, ఈసారి నేను కోసి తన పళ్లెంలో పెట్టాను. "నువ్వే తినరా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు.