గావైన్ మెడ వంచిన చోటు

గ్రాడ్‌బాక్‌లో కారు దిగేసరికి పదిన్నర. డిసెంబరు చివర్లో ఇంగ్లండులో నాలుగింటికల్లా చీకటి పడుతుంది, అడవిలో ఇంకాస్త ముందే. లడ్స్ చర్చ్ అనే కొండ చీలిక దాకా వెళ్లే ఈ నడక మధ్యాహ్నం దాటాక మొదలుపెట్టకూడదు. వేసవిలో అంత తొందర ఉండదు కానీ, సర్ గావైన్ కోసం వచ్చేవాళ్లు చలికాలంలోనే రావాలి. ఆయన ఈ చోటికి వచ్చింది కొత్త సంవత్సరం నాడు, మంచులో.

గావైన్ బ్రిటన్ పాతకథల్లోని ఆర్థర్ రాజుకి మేనల్లుడు, ఓర్క్నీ రాజు లాట్ కొడుకు. ఆయన కథల్లో గొప్పది ‘సర్ గావైన్ అండ్ ది గ్రీన్ నైట్’. 14వ శతాబ్దం చివర్లో రాసిన కావ్యం, 2530 పాదాలు, కవి పేరు తెలియదు. మిగిలింది ఒకే ఒక్క రాతప్రతి. 1731లో అది ఉన్న భవనం తగలబడినా బయటపడింది, 1839లో మొదటిసారి అచ్చయింది. పద్యం ఎరిగిన తెలుగువాడికి దాని నడక కొత్తగా ఉండదు. పాదంలో ఊనిక పడే మాటలు ఒకే హల్లుతో మొదలవుతాయి, మన యతికి దగ్గరి చుట్టం. పొడుగు పాదాలు ముగిశాక ఐదు పొట్టి పాదాలు వస్తాయి, సీసం కింద ఎత్తుగీతిలా. ఆ కవి భాష చెషైర్, స్టాఫర్డ్‌షైర్ సరిహద్దు ప్రాంతపు యాస. అందుకే కావ్యంలో గావైన్ గొడ్డలి దెబ్బకి మెడ వంచిన ‘పచ్చ చర్చి’ని పండితులు ఈ చుట్టుపక్కలే వెతికారు. 1958లో వాళ్లలో ఒకడైన రాల్ఫ్ ఎలియట్ ఈ లడ్స్ చర్చ్‌ని చూపించాడు. పేరుకి చర్చి గానీ కట్టడం ఏమీ లేదు, కొండలో ఒక చీలిక.

ఇక్కడికి రైలు రాదు. దగ్గరి స్టేషన్లు బక్స్‌టన్, మాకల్స్‌ఫీల్డ్. లీక్ నుంచి బక్స్‌టన్ వెళ్లే ఏ53 రోడ్డు మీద, ఫ్లాష్ ఊరి దగ్గర, పక్కకి దిగాలి. సందులు ఇరుకు, ఎదురు బండి వస్తే ఎవరో ఒకరు వెనక్కి తీయాల్సిందే. ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు. ఆర్డ్‌నెన్స్ సర్వే కాగితం మ్యాపు ఓఎల్24 దగ్గర ఉంచుకోండి. పాత మిల్లు దాటి, పొలాల్లోంచి దిగి, బ్లాక్ బ్రూక్ వాగు మీది చిన్న వంతెన దాటితే బ్యాక్ ఫారెస్ట్ ఎక్కుడు మొదలవుతుంది. ఆగి ఆగి నడిచినా గంటలోపే చేరతాం.

చాలామంది దారి తప్పేది చివర్లో. దూరం నుంచి కనపడే గుర్తు ఏదీ లేదు. బాట పక్కన బండల మధ్య మనిషి దూరేంత సందు, దాని ముందుకొచ్చి నిలబడేదాకా తెలియదు. అడవి కబుర్లలో పడి దాటిపోతారు.

లోపల వంద మీటర్లకు పైగా పొడవు, సుమారు 18 మీటర్ల లోతు. కొండచరియ జారి బండ రెండుగా విడిపోతే ఏర్పడింది. గోడల నిండా నాచు, ఫెర్న్ మొక్కలు. ఎండ సరిగా దిగదు కాబట్టి నేల ఎప్పుడూ బురదే, మెట్లు జారతాయి. చీలమండ దాకా పట్టే బూట్లు వేసుకోండి, మామూలు స్పోర్ట్స్ షూలతో ఒకరిద్దరు పడటం అక్కడే చూశాను. ఆసరాకి గోడ పట్టుకుంటే నాచు ఊడివస్తుంది, మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. చేతికర్ర ఉంటే ఆ అవసరం రాదు.

నాచు లేని చోట రాతిని వేలితో తాకి చూడండి. గరగరలాడే ఇసుకరాయి, గ్రిట్. ఈ కొండల్లో తిరగలి రాళ్లూ సానరాళ్లూ చేసింది ఈ జాతి రాయితోనే. గావైన్ పచ్చ చర్చి చేరగానే మొదట వినేది గండ్రగొడ్డలి నూరే చప్పుడు. సానరాయి మీద కొడవలి నూరుతున్నట్టు, మిల్లులో నీళ్లు హోరెత్తినట్టు అంటాడు కవి. ఈ రాయి మధ్య బతికినవాడి చెవికే అలాంటి పోలిక తడుతుందని నా నమ్మకం.

కథలో ఒప్పందం దెబ్బకి దెబ్బ. ముందటేడు ఆర్థర్ పండగ సభలో గావైన్ పచ్చ వీరుడి తల నరికాడు, ఆ వీరుడు తల చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. ఏడాదికి గావైన్ తన మెడ వంచాలి. మొదటిసారి గొడ్డలి దిగుతుంటే భుజాలు ముడుచుకున్నాడు. రెండోసారి కదల్లేదు. రాతినేలలో నూరు వేళ్లతో పాతుకున్న మొద్దులా నిలబడ్డాడట. తల పైకెత్తితే చీలిక అంచున చెట్లు అలాగే ఉన్నాయి, వేళ్లు రాతి నెర్రెల్లోకి దిగి. ఈ పాదం ఇంట్లో చదివినప్పుడు నాకు ఉపమానంగానే తోచింది. ఇక్కడ కళ్లెదుటే ఉంది. మూడో దెబ్బకి మెడ మీద చిన్న గాటు, మంచు మీద రక్తం. దారిలో బస చేసిన ఇంటావిడ ప్రాణం కాపాడుతుందని ఇచ్చిన ఆకుపచ్చ నడికట్టుని, ప్రాణభయంతో ఆ ఇంటాయనకి చెప్పకుండా దాచుకున్నందుకు ఆ గాటు.

అన్నీ సరిపోవని కూడా చెప్పాలి. కావ్యంలో పచ్చ చర్చి ఒక దిబ్బ, పక్కనే వాగు పొంగుతుంటుంది. ఇక్కడ వాగు చాలా కిందనే ఉండిపోయింది. దిబ్బ పోలిక కోసం మానిఫోల్డ్ లోయలోని వెటన్ మిల్ గుహని చూపేవాళ్లూ ఉన్నారు. అయితే అది పాత గుహో, పాత బండలో చీలికో గావైన్‌కే తేలలేదని కవి రాశాడు. ఆ రెండో మాట దగ్గర నేను లడ్స్ చర్చ్ వైపే మొగ్గుతాను.

పై అంచు నుంచి బయటికొస్తే కాలిబాట రోచెస్ కొండల వైపు సాగుతుంది. అటు వెళ్లేవాళ్లు నిప్పు రాజేయకండి. 2018 ఆగస్టులో అక్కడ పెద్ద మంట రేగి బీడు కాలిపోయింది. నేను గ్రాడ్‌బాక్ వైపే దిగాను. గావైన్ ఆ నడికట్టుని సిగ్గుకి గుర్తుగా కట్టుకుని ఇంటికి వెళ్తే, సభలో అందరూ నవ్వి, ఆయన కోసం తామూ తలా ఒక ఆకుపచ్చ పట్టీ కట్టుకున్నారు. వంతెన దగ్గరికి వచ్చేసరికి మూడున్నర, వాగు చప్పుడు వినపడుతోంది గానీ వాగు కనపడటం లేదు.