పిల్లల చేతికి ఐదొందల డాలర్లు: కుటుంబ ఫండ్ నడిపే పద్ధతి

అమెరికాలో తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇవ్వడం రెండు దారుల్లో జరుగుతుంది. ఒకటి రసీదు లేని దారి: మేనల్లుడి ఇంజినీరింగ్ ఫీజు, బాబాయి గుండె ఆపరేషన్, ఊళ్ళో రామాలయానికి కొత్త గోపురం. రెండోది రసీదు వచ్చే దారి: ఇక్కడి గుడి, తెలుగు సంఘం, పిల్లల స్కూలు, ఆఫీసువాళ్ళ మ్యాచింగ్ (మనమిచ్చినదానికి కంపెనీ కూడా అంత కలపడం). మొదటిది పిల్లలకు కనపడదు, రాత్రి పూట వాట్సాప్ కాల్‌లో తేలిపోతుంది. రెండోదాంట్లో వాళ్ళ మాటకు చోటుండదు. ఈ రెండింటినీ పిల్లల ముందు పెట్టడానికి కమ్యూనిటీ ఫౌండేషన్‌లో కుటుంబం పేరున తెరిచే ఫండ్ బాగా పనికొస్తుంది. దాన్ని పన్ను ఖాతాగా మాత్రమే చూస్తే మటుకు పిల్లలు దాని దగ్గరికి కూడా రారు.

కమ్యూనిటీ ఫౌండేషన్ అంటే ఒక ఊరికో కౌంటీకో కట్టుబడిన దాతృత్వ సంస్థ. మొదటిదాన్ని 1914లో క్లీవ్‌లాండ్‌లో ఫ్రెడరిక్ గాఫ్ అనే బ్యాంకరు పెట్టాడు. ఎప్పుడో పోయినవాళ్ళు విల్లులో రాసిన షరతులకు కాలం చెల్లి, డబ్బు ఎవరికీ అక్కరకు రాకుండా పడి ఉండటం ఆయన్ని ఆలోచింపజేసింది. ఆ షరతులు మార్చే అధికారం స్థానికుల బోర్డుకు ఉండాలన్నాడు. బే ఏరియాలోని సిలికాన్ వ్యాలీ కమ్యూనిటీ ఫౌండేషన్ 2007లో రెండు పాత ఫౌండేషన్లు కలిసి ఏర్పడింది. ఇలాంటి చోట తెరిచే ఖాతా పేరు డోనర్ అడ్వైజ్డ్ ఫండ్, వాడుకలో డీఏఎఫ్. వేసిన డబ్బు ఆ రోజు నుంచే ఫౌండేషన్ సొంతం, వెనక్కి రాదు. ఎవరికివ్వాలో మనం సిఫారసు చేస్తాం, వాళ్ళు పరిశీలించి పంపుతారు. తెరవడానికి కావలసిన కనీస మొత్తం, గ్రాంటు కనిష్ఠం ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. నిర్వహణ రుసుము సాధారణంగా ఏడాదికి 1 శాతం చుట్టూ ఉంటుంది, పెట్టుబడి ఖర్చులు అదనం. ఫిడెలిటీ లాంటి పెట్టుబడి కంపెనీల డీఏఎఫ్‌లలో ఇంతకంటే చవక. స్థానిక సంస్థల సంగతి తెలిసి, పిల్లలతో కూర్చుని మాట్లాడే మనిషి అక్కర్లేదనుకుంటే అక్కడికే వెళ్ళొచ్చు.

మన ఐటీ కుటుంబాలు తరచూ పొరబడేది ఫండ్‌లో ఏం వేయాలన్న చోట. చెక్కు రాసేస్తారు. ధర పెరిగిన షేర్లను, చేతికొచ్చి ఏడాది దాటాక, నేరుగా బదిలీ చేస్తే ఆ లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. పైగా పూర్తి మార్కెట్ విలువకు మినహాయింపు వస్తుంది, ఆ ఏడాది ఏజీఐలో (పన్ను రిటర్నులో సర్దుబాట్ల తర్వాత తేలే ఆదాయంలో) 30 శాతం వరకు. మిగిలింది తర్వాతి 5 సంవత్సరాల్లో వాడుకోవచ్చు. ఏడాది నిండని షేర్లకు కొన్న ధర మీదే లెక్క. ఆర్‌ఎస్‌యూలకు (జీతంలో భాగంగా కంపెనీ ఇచ్చే షేర్లకు) కొన్న ధర అంటే వెస్ట్ అయిన రోజు, అంటే అవి మన సొంతమైన రోజు ధర. కాబట్టి పోయిన నెల వెస్ట్ అయినవి ఇస్తే ప్రత్యేకంగా కలిసొచ్చేదేమీ లేదు. ఏ లాట్ (ఏ తేదీన వచ్చిన షేర్లు) పంపాలో బ్రోకరుకు రాసివ్వండి, లేదంటే వాళ్ళకు తోచిన లాట్ వెళ్ళిపోతుంది. షేర్లకు ఫౌండేషన్ ఖాతాలో చేరిన తేదీయే లెక్క గనక, క్రిస్మస్ వారంలో పంపితే జనవరిలో పడొచ్చు. థాంక్స్‌గివింగ్ లోపు పని ముగించడం మేలు.

2026 నుంచి ఇంకో లెక్క కూడా ఉంది. ఐటమైజ్ చేసేవాళ్ళకు (మినహాయింపులను విడివిడిగా లెక్క చూపేవాళ్ళకు) ఏజీఐలో 0.5 శాతం దాటిన విరాళానికే మినహాయింపు. ఏజీఐ 3,00,000 డాలర్లయితే మొదటి 1,500 లెక్కలోకి రాదు. ఏటా 4,000 ఇచ్చేవాళ్ళకు అయిదేళ్ళలో 7,500 అలా పోతుంది. అదే 20,000 ఒక్క ఏడాదిలో వేస్తే పోయేది 1,500. భార్యాభర్తల ఉమ్మడి రిటర్నుకు 2026లో స్టాండర్డ్ డిడక్షన్ (విడివిడి లెక్కలు చూపకుండానే దొరికే మినహాయింపు) 32,200 కాబట్టి, చాలా ఇళ్ళు ఆ గీత దాటేది కూడా ఇలా మూటగట్టి వేసిన ఏడాదే. పిల్లల వైపు నుంచి చూస్తే ఇందులో ఇంకో లాభం ఉంది. అయిదేళ్ళ సొమ్ము ముందే ఫండ్‌లో ఉంటే డిసెంబరు హడావుడి ఉండదు, ఎవరికివ్వాలన్నది తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. ప్రమాదమూ అక్కడే ఉంది. ప్రైవేటు ఫౌండేషన్లు ఏటా 5 శాతం ఖర్చు పెట్టాలి, డీఏఎఫ్‌కు అలాంటి చట్టం లేదు. ఏటా ఎంత బయటికి వెళ్ళాలో ఇంట్లో మనమే కట్టుబాటు పెట్టుకోకపోతే డబ్బు అక్కడే నిద్రపోతుంది.

ఏటా 4,000 అనుకుంటే 500 పూర్తిగా పిల్లలది, 1,000 ఇంటిల్లిపాదీ ఓటు మీద, మిగతాది పెద్దల ఇష్టం. ఫౌండేషన్ నిబంధన దాటనంతవరకు ఆ 500 మీద మనకు వీటో ఉండకూడదు. పదేళ్ళ పిల్ల కుక్కల షెల్టర్‌కిస్తానంటుంది. "మన ఊరి బడి ఉండగా కుక్కలకా?" అన్నామా, వచ్చే ఏడాది మనకేది ఇష్టమో కనిపెట్టి అదే చెబుతుంది, ఆ పై ఏడాది మీటింగ్‌కే రాదు. అడ్డు చెప్పే బదులు పని అప్పగించండి. ఆ సంస్థ చేసే పనేమిటి, మన 500తో ఏం కొంటారు, వాళ్ళ దగ్గర ఇప్పటికే ఎంత ఉంది? మూడోదానికి జవాబు ఆ సంస్థ పన్ను శాఖకు ఇచ్చే ఫారం 990 మొదటి పేజీలో దొరుకుతుంది: ఆదాయం, ఖర్చు, నికర ఆస్తి. ఆ శాఖ, అంటే ఐఆర్‌ఎస్, సైట్లో ఉచితంగా చూడొచ్చు, పదమూడేళ్ళవాళ్ళకు కష్టమేమీ కాదు. చిన్నవాళ్ళ చేత ఒక ఫోన్ చేయిస్తే చాలు. ఇంకో చిట్కా: డీఏఎఫ్ నుంచి వెళ్ళిన గ్రాంటుకు మ్యాచింగ్ ఇవ్వని కంపెనీలున్నాయి. మీదీ అలాంటిదైతే పిల్లల 500 మాత్రం నేరుగా కార్డు మీద కట్టి రెట్టింపు చేయించండి. తమ డబ్బు వెయ్యి కావడం వాళ్ళకు భలే ఉంటుంది.

మీటింగ్ 40 నిమిషాలు మించకూడదు. శనాదివారాలు మనబడి తెలుగు క్లాసులు, కూచిపూడి, సాకర్ మధ్య అంతకంటే దొరకదు కూడా. అమ్మమ్మా తాతయ్యలు విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నప్పుడు పెడితే మంచిది. పిల్లలు తమ ప్రతిపాదనను తాతయ్యకు మూడు తెలుగు వాక్యాల్లో చెప్పాలి, ఆయన అడిగినదానికి బదులివ్వాలి. ఇంగ్లీషులోనే నడిపితే పెద్దాయన గోడకు కొట్టిన బొమ్మలా కూర్చుంటాడు. అదే సమయంలో రసీదు లేని సాయం కూడా చెప్పండి. ఎవరి పరువూ పోకుండా, పేర్లు లేకుండా, ఈ ఏడాది ఇంత ఒక ఆపరేషన్‌కి, ఇంత ఒక ఫీజుకి అని. లేకపోతే వెబ్‌సైటూ లోగో ఉన్నవాళ్ళకిచ్చేదే దానమని పిల్లలు అనుకుంటారు.

ఆ సాయం మాత్రం డీఏఎఫ్ నుంచి చేయకూడదు. వ్యక్తులకు గ్రాంటు వెళ్తే ఫౌండేషన్ మీద 20 శాతం ఎక్సైజ్ పన్ను పడుతుంది. బదులుగా మనకో మన కుటుంబానికో చెప్పుకోదగ్గ లాభం దక్కితే ఆ లాభం మీద 125 శాతం మనమే కట్టాలి. మనవాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది తెలుగు సంఘాల మహాసభల దగ్గర. డోనర్ ప్యాకేజీలో హోటల్ గదులు, బ్యాంక్వెట్ సీట్లు ఉంటాయి. భోజనం, గది ఖర్చు చేత్తో కట్టి విరాళం భాగం మాత్రం డీఏఎఫ్ నుంచి ఇస్తామన్నా చాలా ఫౌండేషన్లు ఒప్పుకోవు. ప్యాకేజీ మొత్తం సొంత జేబు నుంచే కట్టండి.

ఇక ఊరి బడి. అమెరికా ఫౌండేషన్ నేరుగా ఇండియా సంస్థకు పంపాలంటే, ఆ సంస్థ ఇక్కడి ఛారిటీకి సమానమని తేల్చుకోవాలి, లేదా గ్రాంటు ఖర్చు ప్రతి పైసాకూ లెక్క తెప్పించుకోవాలి. రెండూ ఖర్చుతో కూడినవి, 500 డాలర్లకు గిట్టవు. అక్కడి సంస్థకు ఎఫ్‌సీఆర్‌ఏ (ఇండియా విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్, ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలో ఖాతా ఉండాలి. 2020 సవరణ తర్వాత విదేశీ విరాళాన్ని వాళ్ళు ఇంకో సంస్థకు మళ్ళించకూడదు. హైదరాబాద్‌లో తెలిసిన ట్రస్టుకు పంపితే వాళ్ళు ఊరి కమిటీకి ఇస్తారనే పాత దారి అలా మూసుకుపోయింది. ఇండియాలో కార్యక్రమాలు నడిపే, అమెరికాలో 501(సి)(3) అనే ఛారిటీ హోదా ఉన్న సంస్థ ద్వారా వెళ్ళడమే చిన్న మొత్తాలకు నయం. ఇండియా పాస్‌పోర్టు మీదే ఉన్నవాళ్ళు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు, కానీ ఇక్కడ పన్ను మినహాయింపు ఉండదు. వేరే దేశ పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డున్నవాళ్ళకు ఈ వెసులుబాటు లేదు.

పంపేముందు ఆ బడికి నిజంగా ఏం కావాలో అడగాలి. ఆంధ్రలో 2019 నుంచి నాడు-నేడు, తెలంగాణలో 2022 నుంచి మన ఊరు-మన బడి అనే ప్రభుత్వ పథకాల కింద చాలాచోట్ల మరుగుదొడ్లు, తాగునీరు, మరమ్మతుల పనులు జరిగాయి. అయిపోయిన పనికే మళ్ళీ చందా ఎత్తకూడదు కదా. అక్కడ బడులు జూన్ రెండో వారంలో తెరుస్తారు. మన పిల్లల వేసవి సెలవులు అప్పుడే గనక హెడ్మాస్టరు గారిని వాళ్ళ చేతే అడిగించొచ్చు. ఫొటోలూ శాలువాలూ వద్దని ముందే చెప్పండి.

కాస్త పెద్ద పిల్లలకు ఫౌండేషన్ల యువ కమిటీలున్నాయి. మిచిగన్‌లో 1980ల చివర కెల్లాగ్ ఫౌండేషన్ ప్రోద్బలంతో కమ్యూనిటీ ఫౌండేషన్లు ఇవి మొదలుపెట్టాయి. దరఖాస్తులు చదివి, నిజమైన డబ్బు ఎవరికివ్వాలో హైస్కూలు పిల్లలే తేలుస్తారు. నోవై, ట్రాయ్, కాంటన్ ప్రాంతాల తెలుగు పిల్లలు వీటికి దరఖాస్తు చేసుకోవచ్చు. తమ స్కూలు జిల్లాలోనే ఆకలితో ఉన్నవాళ్ళున్నారని చాలామందికి మొదటిసారి అక్కడ తెలుస్తుంది.

ఫండ్ తెరిచేటప్పుడు ఒప్పందంలో వారసత్వ సలహాదారుల గడి ఖాళీగా వదిలేసేవాళ్ళు ఎక్కువ. పిల్లల పేర్లు రాయకపోతే, మన తర్వాత మిగిలింది సాధారణంగా ఫౌండేషన్ నిధిలో కలిసిపోతుంది. ఎన్ని తరాల వరకు అనుమతి, మైనర్ల పేర్లు రాయొచ్చా అన్నవి సంతకానికి ముందే అడగండి. 18 నిండిన ఏడాది వాళ్ళకు ఆన్‌లైన్ లాగిన్ ఇప్పించండి, కనీసం చూసే అనుమతితోనైనా.