ఫొటోతో పాటు అడ్రసూ పంపేస్తున్నారా?

నంద్యాల, గిద్దలూరు మధ్య అడవుల్లో బతికే నీలిరంగు గుత్తి సాలీడుకు విదేశీ పెంపుడు జంతువుల మార్కెట్లో గిరాకీ ఉంది. దాని తొర్ర ఫొటో పెట్టేటప్పుడు ఫైల్లో దాగిన జీపీఎస్ (ఫొటో తీసిన చోటు వివరం) తీసేస్తే సరిపోదు. వెనకున్న మైలురాయి, గోపురం, కొండ అంచు చూసి వాటిని పట్టి అమ్మేవాళ్లు చోటు పట్టేస్తారు. జిల్లా పేరు దగ్గరే ఆగండి. పక్షి గూడు ఫొటో అయితే పిల్లలు ఎగిరిపోయాకే పెట్టండి.

ఫొటోలు సరిదిద్దే సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్‌లో ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మెటాడేటా (ఫొటోతో పాటు దాగి ఉండే వివరాలు) కింద 'రిమూవ్ లొకేషన్ ఇన్ఫో' టిక్ చేయాలి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే లొకేషన్ పోతుంది, డాక్యుమెంటుగా పంపితే అలాగే ఉంటుంది. నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపితే చోటు కూడా పంపేసినట్టే!

ఇక నిజాయితీ సంగతి. క్రాప్, ఎక్స్‌పోజర్ సర్దుబాటు తప్పు కాదు. ఎర వేసినా, జూలో తీసినా, రెండు ఫ్రేములు కలిపినా, అడ్డొచ్చిన కొమ్మ చెరిపినా క్యాప్షన్‌లో రాయాల్సిందే. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం పోటీలో 2017లో బహుమతి పొందిన యాంట్‌ఈటర్ (చీమలు, చెదలు తినే జంతువు) ఫొటోను 2018లో రద్దు చేశారు. చెదపుట్ట ముందు నిలబడింది బతికున్న జంతువు కాదు, చచ్చిన జంతువు చర్మంతో చేసిన బొమ్మ అని నిపుణులు తేల్చారు.