ఎనుక జీటీ, ముంగట మూడే సిలిండర్లు

నా పాత ఫోక్స్‌వ్యాగన్ పోలో కారు ఆర్సీల క్యూబిక్ కెపాసిటీ అన్న కాడ 1198 అని ఉండె, డిక్కీ మీద మాత్రం జీటీ టీఎస్ఐ అని మెరుస్తుండె. జీటీ టీఎస్ఐ అంటే పోలోల పవర్ ఎక్కువున్న మోడల్, అసలైన దాని ఆర్సీల 1197 ఉంటది. అంటే కాయితం లెక్కన చూస్తే నాదే ఒక్క సీసీ పెద్ద ఇంజన్ అన్నట్టు. కానీ ఆ ఒక్క సీసీ తక్కువున్న దాంట్ల, ఇంజన్‌లకు గాలి ఎక్కువ నూకే టర్బో ఉంటది, నాలుగు సిలిండర్లు ఉంటయ్, 105 పీఎస్ పవర్ ఉంటది. నా దాంట్ల మూడు సిలిండర్లు, 75 పీఎస్, ఇగ ఎనుక డబుల్ టేపు మీద అంటిచ్చిన క్రోం ప్లాస్టిక్ ముక్కలు. గంతే.

కొన్నది 2019ల, కరీంనగర్ల. 2014 మోడల్, టీఎస్ 02 బండి. అమ్మినాయన ఎవలో ఏందో ఎందుకు లెండి ఇప్పుడు, మంచిగనే మాట్లాడిండు, చాయ్ కూడ తాపిండు. నాకు అప్పటిదాక కార్ల గురించి ఏం తెల్వదు, పల్సర్ బతుకు మనది, అందుకే మా బావను ఎంట తీస్కపోయిన. మా బావకు అన్నీ తెలుసు, అంటే తెలుసని మా ఇంట్ల అందరి నమ్మకం. టైర్లను కాలుతోటి తన్ని చూసిండు, డోరు రెండు సార్లు గట్టిగ ఏసిండు, ఏసీ పెట్టి ముక్కు దగ్గర చెయ్యి పెట్టిండు, లాస్టుకు ఎనుకకు పోయి ఆ అక్షరాల మీద ఏలు పెట్టి నా దిక్కు కన్ను కొట్టిండు. పక్కకు పిలిచి "జీటీ బామ్మర్దీ, గీ రేటుకు జీటీ ఏడ దొరుకుతది, నోరు మూస్కొని పైసలు కట్టు" అన్నడు. కట్టిన. మామూలు పోలో కంటే నలభై వేలు ఎక్కువ.

అయితే అసలు సంగతేందంటే, జీటీ టీఎస్ఐ మన దేశంల 2013ల వచ్చింది, 1.2 టర్బో ఇంజన్ ఉన్నన్ని రోజులు అది ఒక్క ఆటోమేటిక్‌లనే వచ్చింది, ఏడు గేర్ల డీఎస్‌జీ అనే గేర్‌బాక్స్. మాన్యువల్ గేరు తోటి 2014 జీటీ టీఎస్ఐ అనేది ఈ భూమ్మీద లేదు. నేనేమో ఆ గేరు రాడ్డు చేతుల పట్టుకొని, క్లచ్ తొక్కుకుంట, కరీంనగర్ నుంచి హన్మకొండ దాక జీటీ నడుపుతున్న అని మురుసుకుంట వచ్చిన. సాక్ష్యం చేతులనే ఉన్నది డెబ్బై కిలోమీటర్లు.

హుజూరాబాద్ దాక బాగనే ఉండె. ఎల్కతుర్తి దాటినంక ముంగట ఒక వడ్ల లారీ. మా బావ "కొట్టు కొట్టు, టర్బో ఉన్నది" అంటున్నడు. నేను నాలుగో గేర్ల తొక్కిన. బండి తాపీగ ఆలోచన చేసుకుంట పోతున్నది, ఎదురుంగ బస్సొచ్చె, మళ్ల ఎనుకకు తగ్గిన. ఇంకోసారి తొక్కిన, మళ్ల గంతే. మా బావ అప్పుడన్న మాట నాకు ఇప్పటికీ యాదికున్నది, "కొత్త బండి గదా, నీకు అలవాటు కాలే". ఐదేండ్ల బండి, నాకు అలవాటు కాలేదంట!

ములుగు రోడ్డు మీద మాకు తెలిసిన మెకానిక్ షెడ్డు ఉన్నది, ఆయిల్ మార్పిద్దామని తీస్కపోయిన వారానికి. బానెట్ లేపిండు, లోపలికి చూసిండు, ఎనుకకు పోయి డిక్కీ చూసిండు, మళ్ల ముంగటికొచ్చి లోపలికి చూసిండు. "అన్నా, టర్బో ఇంట్ల మరిసొచ్చినవా?" అన్నడు. షెడ్డుల ఉన్న పోరగాండ్లందరు నవ్వుడే నవ్వుడు. తర్వాత ఆయననే కూసోబెట్టి మంచిగ సమజ్ చేసిండు. టీఎస్ఐల 175 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే లాగే బలం, ఉంటదంట, అది 1500 ఆర్పీఎం కాడికెళ్లే దొరుకుతది, అందుకే లారీ ఎనుక ఉన్నప్పుడు ఊకె అట్ల కాలు ఆనిస్తే దూకుతది. నా దాంట్ల 110, అది కూడ ఇంజన్‌ను 3750 దాక ఒర్లిస్తెనే. ఓవర్‌టేక్ చెయ్యాల్నంటే రెండు గేర్లు దించి, దేవునికి దండం పెట్టి, అప్పుడు తొక్కాలె. దాని తప్పేం లేదు, ఊర్ల తిరిగెటందుకు అది మంచి ఇంజనే, దాన్ని అడగొద్దంది అడిగింది మనం.

ఇప్పుడు మీరడుగుతరు, మరి తెలిసినంక ఆ ఎంబ్లం పీకేసినవా అని. పీకలే. రెండేండ్లు అట్లనే ఉంచిన. ఉంచితే ఏమైతదిలే అనుకున్న, నలభై వేలు పెట్టి కొన్న గదా ఆ అక్షరాలు! మెకానిక్‌కు తప్ప ఎవలికి తెలుసు? మా కాలనీల పెద్దమనుషులు "జీటీ అంటే ఏంది బిడ్డా" అని అడిగితే "స్పోర్ట్స్ మోడల్ కాకా" అని చెప్పెటోన్ని కూడ. సిగ్గు లేకుంట.

ఇగ అప్పటికెళ్లి నాకొక రోగం పట్టింది, ఏ బండి ముంగటికెళ్లి పోయినా ఎనుక ఏం రాసున్నదో చదువుడు, అది నిజమా కాదా అని చూసుడు. హన్మకొండ చౌరస్తా సిగ్నల్ల ఐదు నిమిషాలు నిలబడితే చాలు. ఎల్ఎక్స్ఐ స్విఫ్ట్, అంటే కింది మోడల్, వీల్ క్యాపులు కూడ లేవు, ఎనుక జెడ్ఎక్స్ఐ అని పై మోడల్ పేరు. టూ వీల్ డ్రైవ్ బొలెరో, పక్కన ఇంతెత్తు అక్షరాలల్ల ఫోర్ బై ఫోర్. ఇంకొక ఆల్టో గ్రిల్లుల లేత నీలం, ముదురు నీలం, ఎరుపు మూడు గీతలు, అవి బీఎండబ్ల్యూల రేసుల కంపెనీ, ఎం వాళ్ల రంగులు. ఒకసారైతే నక్కలగుట్ట దగ్గర హోండా అమేజ్ డీజిల్ చూసిన, ముంగట ఎర్ర హెచ్ లోగో. హోండాల ఎర్ర హెచ్ అంటే టైప్ ఆర్, 1992 ఎన్ఎస్ఎక్స్ ఆర్ కాడికెళ్లి రేసు రక్తమున్న బండ్లకే పెడుతున్నరు దాన్ని. ఇక్కడనేమో డీజిల్ అమేజ్, ఎనుక సీట్ల బియ్యం బస్తా, పైన క్యారియర్. అది చూసి నవ్వుడా ఏడ్సుడా సమజ్ కాలే, కానీ నేను నవ్వితే నా డిక్కీ ఊకుంటదా.

బైకులకెళ్లి మొదలైంది ఈ షోకు అసలు. కాకతీయ యూనివర్సిటీ కాడ మేము చదువుకునేటప్పుడు పల్సర్ 150 మీద ఫాస్టెస్ట్ ఇండియన్ అని స్టిక్కరు, అది పల్సర్ 220కి కంపెనీ ఏసుకున్న మాట. రేడియం షాపోనికి ఏం పట్టింపు లేదు, ముప్పై రూపాయలిస్తే కట్ చేసిస్తడు. మీకు ప్రెస్ కావాల్నా, పోలీస్ కావాల్నా, ఎమ్మెల్యే కావాల్నా అవీ కట్ చేసిస్తడు, పేపర్ చదవనోని బండి మీద ప్రెస్ అని ఉన్నప్పుడు పోలో మీద జీటీ ఉంటే ఏం తప్పు అని అప్పట్ల నాకు నేనే చెప్పుకునెటోన్ని. వరంగల్ కోటల కాకతీయుల తోరణాలు ఉన్నయి నాలుగు, స్వయంభూ గుడి చుట్టూర నాలుగు దిక్కుల నాలుగు, మరి మా ఊర్ల ఫంక్షన్ హాళ్ల ముంగట, ప్లాట్ల వెంచర్ల గేట్లకు, ఫ్లెక్సీల మీద, స్కూల్ బ్యాగుల మీద ఉన్న తోరణాలకు లెక్కున్నదా? మనది బ్యాడ్జీల ఊరే.

ఒక్క స్టిక్కరు మాత్రం నాకు నవ్వు రాదు. ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగ తొక్కినా చక్రాలు లాక్ కాకుంట చూసేది. కొన్నేండ్ల కింద స్విఫ్ట్‌లకు ఎనుక చిన్నగ వీడీఐ అని మోడల్ పేరు, దాని పక్కన ఏబీఎస్ అని ఉండేది, ఉన్న బండికే. 2019 ఏప్రిల్ నుంచి కొత్త కార్లకు అది కంపల్సరీ అయింది గానీ అంతకుముందు బేస్ మోడళ్లల్ల మస్తు బండ్లకు లేదు. ఆ లేని బండ్లకు కూడ డెకార్ షాపుల్ల అంటిచ్చుకునెటోల్లు. మొదటాయనకు తెలుసు తన దాంట్ల లేదని, మెల్లగ నడుపుతడు. రెండో చేతికి, మూడో చేతికి పోయినంక ఎవనికి తెలుసు? వానకాలం మల్లంపల్లి దిక్కు ఒక బర్రె అడ్డమొస్తె, ఏబీఎస్ ఉన్నదన్న ధైర్యం మీద బ్రేకు మీద నిలబడుతడు, చక్రాలు లాకైతయ్, స్టీరింగ్ తిప్పినా బండి తిరగదు, సీదా జారుతది. జీటీ అబద్ధం నాకు నలభై వేలు బొక్క, అంతే. ఇది అట్ల కాదు.

మా బావకు ఇదంతా చెప్తే ఒక మాటన్నడు, ఆయన ఎప్పుడో ఒకసారి మంచి మాట అంటడు, "మరి కంపెనీలు చేసేదేంది?" అని. నిజమే గదా. ఎం అంటే బీఎండబ్ల్యూ వాళ్లు 1972ల రేసుల కొరకు పెట్టిన మోటార్‌స్పోర్ట్ కంపెనీ. బెంజ్ కార్ల మీద ఉండే ఏఎంజీ అంటే మూడు పేర్ల మొదటి అక్షరాలు: ఔఫ్రెక్ట్, మెల్షర్ అని ఇద్దరు మనుషులు, గ్రోసాస్పాక్ అని ఒక ఊరు, ఔఫ్రెక్ట్ పుట్టిన ఊరు. 1967ల మొదలువెట్టిన్రు. వాళ్ల పెద్ద ఇంజన్లు ఒక్కటే మనిషి మొదటికెళ్లి చివరిదాక బిగిస్తడు, బిగిచ్చినంక తన సంతకం ఉన్న ప్లేటు ఇంజన్ మీద పెడుతడు. అబ్బ, అది గదా బ్యాడ్జీ అంటే! మరి ఇప్పుడు షోరూంకు పోతే ఏఎంజీ లైన్ అంటరు, ఎం స్పోర్ట్ అంటరు. 190 పీఎస్ ఉన్న 320డీ డీజిల్‌కు కూడ ఎం స్పోర్ట్ ప్యాకేజీ తీసుకుంటే పక్కన రెక్క మీద ఎం అని ఉంటది, 510 ఉన్న ఎం3 కాంపిటీషన్ పక్కనా ఎమ్మే. మన దిక్కు అమ్మే హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ ఉన్నది, 1.0 టర్బో, 120 పీఎస్. బయట దేశాలల్ల అమ్మిన అసలు ఐ20 ఎన్ 1.6 టర్బో, 204. ఎన్ లైన్‌ల సస్పెన్షన్, సైలెన్సర్ సౌండ్ కొంచెం మార్చిన్రు, ఉత్తగ స్టిక్కరే అని అంటే అన్యాయం అయితది, కానీ ఇంజన్ మాత్రం 2021ల వచ్చినప్పుడు మామూలు ఐ20 టర్బోల ఉన్నదే. రేడియం షాపోడు ముప్పై రూపాయలకు చేసే పనిని కంపెనోడు బంపర్ కూడ మార్చి, బిల్లు కొట్టి, వారంటీ తోటి చేస్తున్నడు, మనం వాన్ని ఏమన్న అంటున్నమా?

దీనికి ఉల్టా కథ కూడ చెప్పాలె. నా దోస్తు ఒకడు కాజీపేటల ఉంటడు, వాని దగ్గర టియాగో జేటీపీ ఉన్నది. 2018ల టాటా వాళ్లు కోయంబత్తూర్ జయేం ఆటోమోటివ్స్ తోటి కలిసి చేసిన బండి, 114 పీఎస్, 150 న్యూటన్ మీటర్లు, ఆరు లక్షల చిల్లరకే ఇచ్చిన్రు, రెండేండ్లు గడవకముందే బంద్ చేసిన్రు. మామూలు టియాగో కంటే కొంచెం కిందికుంటది, బానెట్ మీద రెండు బొక్కలుంటయ్. ఆ బొక్కలు చూసి వాన్ని అందరు అడిగేదేందంటే, "డెకార్ షాపుల పెట్టిచ్చినవా?" ఒకసారి రైల్వే స్టేషన్ బయట ఒక పెద్దమ్మ సంచులు పట్టుకొనొచ్చి ఎనుక డోరు తీసి కూసొని "సుబేదారి పోనియ్ బిడ్డా" అన్నదంట, ట్యాక్సీ అనుకొని. వాడు పోనిచ్చిండు. పైసలు తీస్కోలే అని చెప్తడు, నేను నమ్మ.

నా సంగతి ఎట్ల ఒడిసిందో చెప్త. 2021ల ఒకరోజు హంటర్ రోడ్డు మీద పెట్రోల్ బంకుల నిలబడ్డ. నా ఎనుకకు ఒక పోలో వచ్చింది, తెల్లది, దానికీ జీటీ టీఎస్ఐ. దిగిన పోరడు ఇరవై మూడు ఇరవై నాలుగేండ్లుంటయ్, దిగుడు దిగుడే నవ్వుకుంట నా దగ్గరికొచ్చిండు. దోస్తు దొరికినట్టు. "అన్నా, డీఎస్‌జీ ఎట్లున్నది? మాకు ట్రాఫిక్‌ల మస్తు ఝట్కాలు కొడుతున్నది, మీరు స్టేజ్ వన్ ఏమన్న చేయించిన్రా?" నాకు స్టేజ్ వన్ అంటే ఏందో కూడ సక్కగ తెల్వదు. "లేదు తమ్మీ, మనది స్టాకే" అన్న. అబద్ధం కాదది, ఇంజన్ కంపెనీ ఇచ్చినట్టే ఉన్నది, కానీ. వాడు మాట్లాడుకుంట మాట్లాడుకుంట నా అద్దంల నుంచి లోపలికి చూసిండు. గేరు రాడ్డు కనపడ్డది. క్లచ్ కనపడ్డది. మొఖం మీద నవ్వు అట్లనే ఉన్నది గానీ మాట ఆగిపోయింది. "సరే అన్నా, ఉంట మరి" అని పోయిండు. వాడు ఎగతాళి చేసినా బాగుండు అనిపిచ్చింది నాకు. పెట్రోల్ పోసే ఆయన ఎంతకు పోయాల్నని మూడు సార్లు అడిగితే గానీ నాకు ఇనపడలే.

అదే రోజు పొద్దుమీకి మా చెల్లె హెయిర్ డ్రయర్ తీస్కొని, చేపల గాలం దారం తోటి, టేపు వేడి చేసుకుంట దారాన్ని అటు ఇటు కోసుకుంట ఒక్కొక్క అక్షరం తీసిన. జిగురు మిగిలితే కిరోసిన్ గుడ్డ తోటి తుడిసిన. తీసినంక చూస్తే అక్షరాలు పోలే. ఏడేండ్లు మన ఎండలకు చుట్టూర పెయింటు పాలిపోయింది, అక్షరాల కింద మాత్రం కొత్త బండి రంగు అట్లనే ఉన్నది. జీటీ టీఎస్ఐ అని ముందటి కంటే సక్కగ కనపడుతున్నది. పాలిష్ కొట్టిచ్చిన, మెకానిక్ రబ్బింగ్ అన్నడు, అదీ చేసిన, పోలే.

2023ల అమ్మిన. పరకాలాయన వచ్చిండు, చేను పని, కొంచెం పత్తి ఏపారం. నేను ముందే చెప్పిన, ఆర్సీ చేతుల పెట్టి 1198 మీద ఏలు పెట్టి చూపెట్టిన, ఇది మామూలు మోడల్, టర్బో లేదు, మూడు సిలిండర్లు, మామూలు రేటే ఇయ్యండి అని. మంచిగ ఇన్నడు. బ్యారం అయింది, పైసలు లెక్కపెట్టిండు, తాళం తీస్కున్నడు. ఎనుకకు పోయి ఆ అచ్చు మీద అరచెయ్యి పెట్టి తడిమిండు.

"ఈడ ఏదో ఉండె గదనే. ఎంబ్లం. అది లేదా?"

డాష్‌బోర్డుల ఉండె, కవర్ల పెట్టి. "అది దీనిది కాదు అన్నా, చెప్పిన గదా" అన్న.

"తెలుసు తియ్. ఉంటే ఇయ్యరాదు."

ఇచ్చిన. వాళ్ల కొడుకు డబుల్ టేపు తెచ్చిండు ఎదురుంగ కిరాణా షాపుల కెళ్లి. పాత అచ్చు మీదనే కూసున్నది, ఇంచు కూడ అటుఇటు కాలే.