పడుకుని చూసిన ఇల్లు

నా జబ్బు పేరు గులియన్ బారీ సిండ్రోమ్. ఆసుపత్రిలో అందరూ జీబీఎస్ అనేవాళ్ళు. మా ఊళ్ళో మాత్రం "నరాల జబ్బు" అని తేల్చేశారు, అదీ తప్పేం కాదు. ముందు విరేచనాలు పట్టుకుని తగ్గాయి. ఆ సంగతే మర్చిపోయాక అరికాళ్ళలో తిమ్మిర్లు మొదలయ్యాయి. నేను బ్లౌజులు కుడతాను. రోజంతా మిషన్ తొక్కేదానికి తిమ్మిరి కొత్తా? కానీ ఒక సాయంత్రం పెడల్ మీద కుడిపాదం మొరాయించింది. మర్నాటికి గడప దాటాలంటే ఎవరో ఒకరు పట్టుకోవాల్సి వచ్చింది. ఆర్ఎంపీ నీరసమని సెలైన్ ఎక్కించాడు. ఆ రాత్రికే చేతుల్లో బలం పోయింది. నేను కుట్టిన జాకెట్‌కి నేనే హుక్కు పెట్టుకోలేకపోయాను.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ మోకాలి కింద చిన్న సుత్తితో కొట్టి చూశారు. కాలు ఎగరలేదు. వెన్నులోంచి నీరు తీశారు, నరాలకి కరెంటు పెట్టి పరీక్ష చేశారు. ఒంట్లో చేరిన క్రిమి మీదికి పోవాల్సిన రక్షణ వ్యవస్థ దారితప్పి మన నరాల మీది పొరనే దెబ్బతీస్తుందట. కాళ్ళ దగ్గర మొదలై పైకి పాకుతుంది. ఛాతీ దాకా వస్తే ఊపిరి కష్టం. అందుకే పూటపూటా ఒక్క గుక్కలో ఒకటి, రెండు, మూడు అంటూ లెక్కపెట్టించేవాళ్ళు. మా ఆయన తలుపు దగ్గర నిలబడి నాతోపాటు పెదాలు కదిపేవాడు. అంకె తగ్గినప్పుడు ఆయన మొహం చూడబుద్ధయ్యేది కాదు.

వెంటిలేటర్ దాకా పోలేదు. ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు అయిదు రోజులు ఎక్కించారు. రోజుకి కిలో బరువుకి 0.4 గ్రాముల లెక్క. మొహం ఒక పక్క జారింది, కన్ను మూతపడక రాత్రిళ్ళు ప్లాస్టర్ అంటించేవాళ్ళు. వీటన్నిటికంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది తెలివి చెక్కుచెదరకుండా ఉండటమే. పక్క బెడ్ వాళ్ళు నా గురించి గుసగుసలాడుకున్నదంతా వినపడేది.

ఇంటికి తెచ్చి నడిమింట్లో నవారు మంచం మీద పడుకోబెట్టారు. ఆ ఇల్లు ఇక ఎన్నాళ్ళో మాది కాదని అప్పటికే తెలుసు. మాది కుక్కునూరు మండలంలో గోదారి పక్క ఊరు. 2014లో మండలంతో పాటు మేమూ తెలంగాణ నుంచి ఆంధ్రలోకి వచ్చాం. పోలవరం పూర్తిగా నిండితే నీటిమట్టం 45.72 మీటర్లు. మా ఊరు ఇంకా ముందే, నీళ్ళు 41.15 మీటర్లకి చేరితేనే మునిగే ఊళ్ళ లిస్టులో ఉంది, దాన్నే 41.15 కాంటూరు అంటారు. సర్వేవాళ్ళు వచ్చి గోడలు కొలిచారు, తలుపులు లెక్కపెట్టారు, పెరట్లో చెట్లు రాసుకున్నారు. మామిడికి ఒక రేటు, వేపకి ఒక రేటు.

వేళ్ళకి పని చెప్పమన్నాడు ఫిజియో అబ్బాయి. చపాతీ పిండి పిసకాలి, బటన్లు ఏరి గిన్నెలో వెయ్యాలి. రెండూ నాకు పరమ విసుగు. పెన్సిల్ కూడా పట్టుకోమన్నాడు. సన్నగా ఉండి జారిపోతోందని మా అమ్మాయి దానికి లైనింగ్ ముక్క చుట్టి, తన డ్రాయింగ్ పుస్తకం ముందు పెట్టింది. "ఏం గీయను?" అంటే "ఏది కనిపిస్తే అది గీయమ్మా" అంది.

కనిపించేది ఇంటికప్పు ఒక్కటే. పెళ్ళై వచ్చి ఇన్నేళ్ళయినా ఆ కప్పుని కిందనుంచి తీరిగ్గా చూసింది లేదు. దూలం, వాసాలు, బద్దెలు, పెంకులు. అన్నీ గీతలే, వణికే చేతికి గీతలే నయం. దూలం మధ్యలో ఉయ్యాల కట్టే చోట తాడు ఒరుసుకుని నునుపు తేలిన గాడి ఉంది. ఎంతమంది పిల్లలు ఊగితే టేకు అంత అరుగుతుంది! అత్తమ్మని అడిగితే తన పిల్లల్ని, ఆడపడుచుల పిల్లల్ని, మా అమ్మాయిని కూడా కలిపి లెక్క మొదలుపెట్టి మధ్యలో తప్పిపోయింది. పెంకుల్లో ఒకటి అద్దం పెంకు. అందులోంచి దిగిన ఎండ ముక్క పొద్దున గోడ మీద, మధ్యాహ్నం నా దుప్పటి మీద ఉండేది. దాన్ని చూసే అత్తమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టేది. సర్వే కాగితంలో దాన్నీ పెంకుల్లోనే కలిపేశారు.

కూర్చోగలిగాక నా బొమ్మలు గోడ ఎత్తుకి దిగాయి. అప్పుడు స్తంభం గీశాను. 1986 వరద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో మామయ్య దాని మీద ఉలితో గాటు పెట్టారు. 2022 జులై వరద బురద చార దానికి జానెడు దూరంలోనే ఉంది. భద్రాచలం దగ్గర 1986లో 75.6 అడుగులు, 2022లో 71.3. అక్కడ నాలుగడుగుల పైన తేడా ఉంటే మా స్తంభం మీద జానెడే ఎందుకుందని అడగండి, పోలవరం దగ్గర నదికి అడ్డంగా కాఫర్ డ్యామ్ అనే తాత్కాలిక కట్ట కట్టాక నీళ్ళు వెనక్కి తన్నాయనే ఊళ్ళో ఎవరైనా చెప్తారు. ఆ చార రంగు ఎంత కలిపినా కుదరలేదు. డబ్బాలో ఉన్న బ్రౌన్ మరీ చాక్లెట్‌లా ఉంది, పసుపుపచ్చ కలిపితే ఆవాల ముద్దయింది. చివరికి చల్లారిన టీ డికాషన్ పూశాను. ఆరాక అంచు దగ్గర ముదురుగా, మధ్యలో లేతగా అచ్చం గోడ మీది మరకలాగే దిగింది. అమ్మాయి వాసన చూసి నవ్వింది.

ఆ చార బొమ్మ చూసి మా ఆయన ఒకరోజంతా మాట్లాడలేదు. వరదప్పుడు బియ్యం బస్తాలు అటక మీదికి ఎక్కించింది ఆయనే. పోయేది మంచి ఇల్లేనా, ఏటా ఆగస్టులో టెన్షన్ పెట్టే ఇల్లు కదా అనేవాళ్ళూ ఉన్నారు. నిజమే. టెన్షన్ పోవాలనే నాకూ ఉంది, ఇల్లు పోకూడదనీ ఉంది.

నరం లోపలిదాకా దెబ్బతింటే మళ్ళీ పెరిగేది రోజుకి మిల్లీమీటరు చొప్పున అని డాక్టరమ్మ చెప్పారు. అందుకే వెన్నుకి దూరంగా ఉన్నవి ఆఖర్న తేరుకుంటాయి. చేతులు ముందు తేరుకున్నాయి, పాదాలు ఇంకా మొద్దుగానే ఉండేవి. వాకర్‌తో వంటింటి దాకా, తర్వాత కర్రతో పెరట్లో బావి దాకా వెళ్ళాను. ఎంతవరకు నడవగలిగితే అంతవరకే బొమ్మలు. గిలక గీశాను, రుబ్బురోలు గీశాను, మసి పట్టిన వంటింటి గూడు గీశాను. అలుపు ఈ జబ్బులో పెద్ద శాపం. పైకి బాగానే కనిపిస్తాం, పది నిమిషాలకే ఒళ్ళు పిండేసినట్టుంటుంది. అందుకే గిలకకి తాడు లేదు, రోలుకి పొత్రం లేదు.

ముందు గడప దగ్గర పేచీ వచ్చింది. గడప పసుపుకి అసలు పసుపే పుయ్యమంది అత్తమ్మ. బట్ట మీద పసుపు మరక ఎండకి ఆరేస్తే ఎగిరిపోతుందని కుట్టుపనిలో ఉన్నవాళ్ళకి తెలియనిదా? కాగితం మీద మాత్రం ఎన్నాళ్ళుంటుంది? అయినా ఆమె మాట కాదనలేక పసుపే పూశాను. చుట్టూ బొట్లు తనే వేలితో పెట్టింది.

అరుగు దగ్గరికి వచ్చేసరికి చేతికి టేపు అందింది. బొమ్మ పక్కనే కొలతలు రాశాను, అలవాటు అలాంటిది. ఎత్తు పదహారున్నర అంగుళాలు, వెడల్పు ఇరవై రెండు, అంచు గుండ్రం. అత్తమ్మ కూర్చుంటే మడమలు నేలకి ఆనే ఎత్తు అది.

ఇప్పుడు పునరావాస కాలనీలో ఉంటున్నాం. చలికి కాలివేళ్ళు ఇంకా తిమ్మిరెక్కుతాయి, అందుకని మిషన్‌కి మోటారు పెట్టించుకున్నాను. సూదిలో దారం ఎక్కించగలను, కాజాలు కుట్టగలను. కాలనీ ఇంటికి అరుగు లేదు. మొన్న మేస్త్రీని పిలిచి అత్తమ్మ నా పుస్తకం తెరిచి ముందు పెట్టింది. అతను టీ మరక పేజీ, పసుపు పేజీ తిప్పేసి కొలతల దగ్గర ఆగాడు. "ముందు డ్రైన్ ఉందమ్మా, ఇరవై రెండు రాదు, పద్నాలుగు వస్తుంది" అన్నాడు. "వెడల్పు నీ ఇష్టం బాబూ, ఎత్తు మాత్రం తగ్గించకు" అంది అత్తమ్మ. సోమవారం ఇటుకలు దింపుతానని అడ్వాన్స్ తీసుకెళ్ళాడు.