జేజినాయన తిథి

మా ఇంట్లో జేజినాయనకు తద్దినం లేదు. పోయిన రోజు తెలియని వాళ్లందరితో కలిపి మహాలయ అమావాస్య నాడే ఆయనకూ ఒక పిండం.

మాది జమ్మలమడుగు పక్క పల్లె. కరువు పట్టిన ఏడు మిలిట్రీలో చేరి బర్మా పోయిన మనిషి తిరిగి రాలేదు. ఆయన బండెక్కేనాటికి మా నాయన జేజి కడుపులో ఉన్నాడు. తంతి వచ్చిందంటారు గానీ, దాన్ని ఎవరు చదివారో, ఏం చెప్పారో గుర్తున్నోళ్లు లేరు. శవాన్ని చూసినోళ్లూ లేరు. "రంగూన్లో ఎవతినో కట్టుకుని ఉండిపోయినాడులే" అని ఊళ్లో ఒక మాట పుట్టింది. జేజి పోయేదాకా అది ఆమెను వదల్లేదు. పెద్దలు ఎంత చెప్పినా చాలా ఏళ్లు బొట్టు తీయలేదట.

ఆమె పోయాక ట్రంకుపెట్టె అడుగున రెండు వస్తువులు దొరికాయి. ఒకటి ఆరు కోణాల నక్షత్రం లాంటి పతకం. ముందువైపు కిరీటం, చుట్టూ 'ది బర్మా స్టార్' అని ఇంగ్లీషులో.  రెండోది మడతల దగ్గర చిరిగిన మనియార్డరు కూపను. దాని మీద ఒక నంబరు, పక్కన ఇండియన్ పయనీర్ కోర్ అని. పయనీర్లంటే రోడ్లు వేసి, సామాన్లు మోసే దళం. మా జేజినాయన తుపాకీ కంటే పారే ఎక్కువ పట్టి ఉంటాడు.

ఎనభై దాటాక నాయన ఒకరోజు ఉన్నట్టుండి, "మా నాయన ఏ పొద్దు పోయినాడో కనుక్కోరా" అన్నాడు. కూపను జిరాక్సు పట్టుకుని ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగాను. అర్జీ అందినట్టు ముద్ర వేయడానికే రెండుసార్లు తిప్పారు. చివరికి "అది తెల్లోళ్ల కాలం సంగతి సార్" అని తేల్చేశారు.

దారి చూపించింది మా మేనల్లుడు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో రెండు ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్ల వివరాలు ఉంటాయి, పైసా కట్టక్కర్లేదు. మూడు రాత్రులు కూర్చున్నా ఏమీ తగల్లేదు. పేరు ఎన్ని రకాలుగా కొట్టానో! తప్పు పేరులో లేదు, జిల్లాలో ఉంది. కడపకు ఇప్పటి ఇంగ్లీషు స్పెల్లింగు 2005లో వచ్చింది. వాళ్ల దగ్గరున్నది 'సి'తో మొదలయ్యే పాత 'కుడ్డపా'. పేరు గడి ఖాళీగా వదిలేసి, అదనపు సమాచారం గడిలో ఆ పాత స్పెల్లింగు, రెండో ప్రపంచ యుద్ధం, ఇండియన్ ఆర్మీ అని పెట్టి ఒక్కొక్కటే చూసుకుంటూ పోయాను. మా ఊరి పేరు కనబడింది. కూపను మీది నంబరుతో సరిపోల్చాను. అదే.

ఫలానా ఆయన కొడుకు, ఫలానా ఆమె భర్త అని ఉంది. జేజి పేరులో ఒక అక్షరం తప్పు. తేదీ 20 జూలై 1944. సమాధి లేదు, రంగూన్ మెమోరియల్ మీద పేరుంది. యాంగోన్‌కు (అప్పటి రంగూన్‌కు) ఉత్తరాన టౌక్యాన్‌లో 1958లో ఆవిష్కరించిన ఆ స్తంభాల మీద, సమాధి తెలియని వాళ్ల పేర్లు దాదాపు 27,000. మధ్యలో ఇంగ్లీషు, బర్మీస్, హిందీ, ఉర్దూ, గురుముఖిలో ఒక వాక్యం చెక్కారు. తెలుగు లేదు. కొంచెం కష్టమనిపించింది.

నాయనకు చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే బర్మా పెళ్లాం కత అంతా ఉత్తదేనన్నమాట" అన్నాడు.

తిథి వెతికితే ఆ రోజు అమావాస్య. సూర్యగ్రహణం కూడా.

"తద్దినం సంగతి తర్వాత చూద్దాం. ముందు మా యమ్మ పేరు సరిగ్గా రాయమని చెప్పు" అన్నాడు నాయన. సవరణకు ఆధారం కావాలి కదా. జేజి పేరున్న కాగితం ఇంట్లో ఒక్కటే ఉంది, పొలం పాసుపుస్తకం. స్కాన్ చేస్తుంటే చూశాను. ఆమె వేలిముద్ర పైన భర్త పేరు రాసి ఉంది. దాని ముందు 'లేట్' అని లేదు.