గాజు గుండ్లూ, కొలువు బొమ్మలూ

అమెరికాలో పెరిగే మన పిల్లలకు డిసెంబరులో క్రిస్మస్ చెట్టు, భోగి నాటికి బొమ్మల కొలువు. రెండింటికీ పని ఒకటే: అటక మీది పెట్టె దించడం, విప్పడం, మళ్లీ చుట్టి దాచడం. అయితే కొండపల్లి బొమ్మకు చెల్లే అలవాట్లన్నీ చెట్టుకు వేలాడదీసే పాత గాజు గుండుకు చెల్లవు.

తడిగుడ్డతో తుడవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. జర్మనీలోని లౌషా ఊరి పనివాళ్లు గాజు గొట్టాన్ని మంట మీద మెత్తబరిచి నోటితో ఊది, లోపల సిల్వర్ నైట్రేట్ ద్రావణంతో వెండి పూత వేసేవారు. మెరుపు లోపల, రంగు పైన. ఆ పాత రంగు నీళ్లకు ఊడివస్తుంది. మెడలోంచి తేమ దిగితే వెండి నల్లబడి పెచ్చులూడుతుంది. పొడి మెత్తని కుంచె చాలు. పాత రంగుల్లో సీసం ఉండవచ్చు గనుక ముట్టుకున్నాక పిల్లలచేత చేతులు కడిగించండి. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు అసలు ఇవ్వకండి.

గుండు మెడకు తొడిగిన లోహపు టోపీ మీద ‘వెస్ట్ జర్మనీ’ అని ఉంటే అది 1949–1990 మధ్యది. అమెరికా బ్రాండు షైనీ బ్రైట్ అసలు గుండ్లు కూడా పాతవే, కానీ కార్నింగ్ గాజు కంపెనీ యంత్రం ఊదినవి. రెండో ప్రపంచ యుద్ధకాలంలో లోహం కరువై వాటికి కాగితపు టోపీలు పెట్టారు. ఈ తేడా పట్టడం పిల్లలకు భలే ఇష్టం.

గుండును టోపీ పట్టుకుని ఎత్తనివ్వకండి. ఒక అరచేయి కింద ఆనించి, రెండో చేత్తో కొక్కెం తగిలించాలి. టోపీలోని స్ప్రింగు తీగ కాళ్లు వదులైతే గుండు జారిపోతుంది. టోపీ తీసేటప్పుడు ఆ కాళ్లను దగ్గరికి నొక్కి నెమ్మదిగా లాగాలి. నొక్కకుండా లాగితే మెడ అంచు విరుగుతుంది. వదులు కాళ్లను కొంచెం వెడల్పు చేసి మళ్లీ దూర్చండి, జిగురు వద్దు. కొక్కేన్ని కొమ్మకు ఒక చుట్టు తిప్పి, గాజువన్నీ పై కొమ్మలకే కట్టండి. కింది కొమ్మలకు కొయ్యవీ, గుడ్డవీ. చెట్టు కింద మందపాటి జంపఖానా పరిస్తే పడినా కొన్ని దక్కుతాయి. పగిలితే పెద్ద ముక్కలు చేతి తొడుగులతో ఏరి, నలుసులను తడి పేపర్ టవల్‌తో అద్ది తీయాలి. టార్చి నేలబారుగా వేస్తే మిగిలినవి మెరుస్తాయి.

దాచేటప్పుడు కొలువు బొమ్మలకు చుట్టే న్యూస్‌పేపరు వద్దు, అందులోని ఆమ్లం, సిరా రంగును పాడుచేస్తాయి. ఆమ్లం లేని టిష్యూ, లేదా బాగా ఉతికిన తెల్ల పంచె ముక్క మేలు. ప్లాస్టిక్ సంచి చెమ్మను పట్టి ఉంచుతుంది. అటక వేడికి రంగు మెత్తబడి కాగితానికి అంటుకుంటుంది, బేస్‌మెంటులో తేమ. పడకగది అల్మారా మంచిది. ఒక్కో గుండుకు ఒక్కో గడి ఉన్న పెట్టె తీసుకుని, పైన ‘గాజు’ అని పిల్లలచేత తెలుగులోనే రాయించండి.